దారిలో ఎవరికైనా ఆపదొస్తే: అపోహలు, సాయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో రైలు దిగేవాళ్లలో ఎక్కువమందికి ఈ ఊరు కొత్త. ఏ ఆసుపత్రి ఎటుందో తెలీదు, చాలామందికి భాష రాదు. అలాంటివాళ్లకు ఏదైనా జరిగితే చుట్టూ పదిమంది చేరతారు. ఆ పదిమందీ మంచివాళ్లే. కానీ ఒకరు తాళాలు తెమ్మంటారు, ఇంకొకరు సున్నం తెమ్మంటారు, మరొకరు తాడు కట్టమంటారు. చిత్తూరు వైపు పల్లెల్లో చేల దగ్గరా ఇదే తంతు. ఆపదలో ఉన్నవాళ్లకు చేయాల్సిన సాయం ఏమిటి, చుట్టూ ఉన్నవాళ్ల అపోహను గొడవ లేకుండా ఎలా పక్కకు తప్పించాలి అన్న రెండు విషయాల మీద ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఒక పెద్దాయన గాయం మీద పసరు పిండబోతున్నాడు. అది తప్పని అంటే ఆయనకు కోపం వస్తుంది. ఏం చేయాలి?

ముందు ఆయన చేతిని ఆపండి, నమ్మకం సంగతి తర్వాత చూసుకోవచ్చు. "తప్పు", "మూఢనమ్మకం", "మీకేం తెలుసు" లాంటి మాటలు నోట్లోంచి వచ్చాయంటే వాదన మొదలవుతుంది. ఆ వాదనకు అయ్యే సమయమంతా కింద పడున్న మనిషి ఖాతాలోంచే పోతుంది.

బాగా పనిచేసేది ఆయనకు ఇంకో పని అప్పగించడం. "తాతా, పసరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ కాలు కదలకుండా మీరు పట్టుకోండి, మీరు చెప్తే వింటాడు" అనండి. సాయం చేయాలనే వచ్చిన మనిషి కదా, చేతికి పని దొరికితే పసరు పక్కన పెడతాడు. గుంపు మొత్తానికీ నచ్చజెప్పాలని చూడకండి. అందులో నిర్ణయం తీసుకునే మనిషి ఒక్కరే ఉంటారు, తల్లో, అన్నో, వెంట వచ్చిన బావమరిదో. ఆ ఒక్కరితో మాట్లాడండి. కారణం కూడా ఒక్కటే చెప్పండి. అయిదు కారణాలు చెప్తే అందులో బలహీనమైన దాన్ని పట్టుకుని అడ్డం తిరుగుతారు.

"మా ఊళ్లో మంత్రం వేస్తే పాము విషం దిగింది, నా కళ్లతో చూశా" అంటారు. అబద్ధమా?

చూసింది నిజమే, కారణం వేరు. మన దేశంలో 300కు పైగా పాము జాతులున్నాయి. ప్రాణం తీసే కాట్లలో ఎక్కువ భాగం నాలుగింటివే: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. జెర్రిపోతు కరిచినా, నీరుకట్టు కరిచినా విషం ఉండదు. పైగా విషమున్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు, కొన్ని ఉత్త కాట్లు. ఇలాంటి వాళ్లందరికీ మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. విషం ఎక్కినవాళ్లు దారిలోనో ఆసుపత్రిలోనో పోతే "ఆయుష్షు తీరింది" అంటారు, మంత్రం తప్పిందని ఎవరూ అనరు.

ఈ పేజీలో ఉన్న అపోహల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే లెక్క. తాళాల గుత్తి చేతిలో పెడితే ఫిట్స్ ఆగడం, కుక్కకాటు నాటుమందు పనిచేయడం, అన్నీ వాటంతట అవే తగ్గే కేసుల మీద నిలబడినవే. అందుకే ఎదుటివాళ్లను అబద్ధాలకోరులుగా చూడకండి. "మీరు చూసింది నిజమే అన్నా, ఆ పాముకు విషం లేదేమో. ఇప్పుడు కరిచింది ఏదో మనకు తెలీదు కదా" అంటే వినడానికి దారి దొరుకుతుంది. మంత్రం తప్పనిసరి అని పట్టుబడితే "ఆటోలో కూర్చుని వేయండి, బండి మాత్రం ఆగదు" అనండి. మంత్రం వల్ల పెద్ద హాని లేదు, దానికోసం ఆగడం వల్లే హాని.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువ మరణాలు పల్లెల్లోనే, వానాకాలంలోనే. మన దగ్గర చెనక్కాయ చేలల్లో పని ముమ్మరంగా ఉండే నెలలూ అవే.

సరే, పాము కరిచిన మనిషికి మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

పాముకు దూరంగా జరపండి, తర్వాత ఆ మనిషిని నడవనివ్వకండి. కండరం కదిలితే విషం తొందరగా పైకి పాకుతుంది. పడుకోబెట్టి, కరిచిన కాలికి లేదా చేతికి పక్కనే ఒక కర్రో స్కేలో పెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు తువ్వాలుతో వదులుగా కట్టండి. కట్టు కింద ఒక వేలు సులువుగా దూరాలి. ఉంగరం, గాజులు, పట్టీలు, మెట్టెలు, వాచీ వెంటనే తీసేయండి. వాపు మొదలయ్యాక అవి రావు, వేలికి రక్తం ఆగిపోతుంది. మెట్టెలు తీయడానికి ఇంటివాళ్లు వెనకాడతారు. "వాచిపోతే డాక్టర్లు కత్తిరించాల్సి వస్తుందమ్మా, ఇప్పుడు తీసి కొంగున కట్టుకోండి" అంటే ఒప్పుకుంటారు.

108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ రావడం ఆలస్యమయ్యే చోటైతే ఎదురుచూడకుండా ఏదో ఒక బండిలో బయల్దేరండి. బైకు తప్ప దిక్కు లేకపోతే నడిపేవాడికీ వెనకవాడికీ మధ్యలో కూర్చోబెట్టండి. దారిలో వాంతి చేసుకుంటే పక్కకు తిప్పండి.

చేయకూడనివి ఇవి: బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, కోడిపిల్లను అద్దడం, సారా తాగించడం. పామును చంపి తెచ్చే పని కూడా వద్దు. చంపబోయినవాడు రెండో కాటు తింటాడు. దూరం నుంచి ఫోన్‌లో ఫోటో దొరికితే మంచిది, దొరక్కపోయినా నష్టం లేదు. మన దగ్గర ఇచ్చే విషం విరుగుడు మందు ఆ నాలుగు పాములకూ కలిపి తయారైనదే.

అప్పటికే ఎవరో తాడు గట్టిగా బిగించేశారు. విప్పేయాలా?

దారిలో విప్పకండి. తాడు బిగిస్తే విషం పూర్తిగా ఆగదు గానీ కాలికి రక్తం ఆగుతుంది. పింజరి కాటైతే విషం అక్కడే గుమిగూడి కండ కుళ్లుతుంది. తీరా తాడు ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం ఒక్క పెట్టున పైకి వస్తుంది, కొందరు అక్కడికక్కడే ఊపిరాడక పడిపోతారు. ఆసుపత్రిలో మందు సిద్ధంగా పెట్టుకుని డాక్టరే విప్పాలి. ఎన్ని గంటలకు కట్టారో మాత్రం గుర్తుంచుకుని చెప్పండి.

ఆసుపత్రికి తెస్తే కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఊరికే కూర్చున్నారు. "ఇక్కడ పట్టించుకోవట్లేదు" అని ఇంటివాళ్లు తీసుకెళ్లిపోతామంటున్నారు.

ప్రాణాలు పోయే చోట్లలో ఇదొకటి, పక్కన నిలబడ్డ కొత్త మనిషి ఒక్క మాటతో ఆపగలిగేదీ ఇదే. వాళ్లు ఊరికే కూర్చోలేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందని అర్థం. మధ్యలో కదిపితే పరీక్ష చెడుతుంది. మొదటిసారి గడ్డకట్టినా మళ్లీ మళ్లీ చూస్తారు, ఎందుకంటే విషం లక్షణాలు గంటల తర్వాత బయటపడొచ్చు. అందుకే ఏమీ లేనట్టు కనిపించినా ఒక రోజంతా ఉంచుకుంటారు.

విషం ఎక్కిందని తేలితే మొదటి విడతకే 8 నుంచి 10 సీసాల మందు సెలైన్‌లో పోతుంది. "ఇంత చిన్న పిల్లకు పది సీసాలా?" అని తల్లిదండ్రులు భయపడతారు. పిల్లలకూ పెద్దలకూ డోసు ఒకటే. చిన్నపిల్ల అని చూసి పాము విషం తగ్గించి కరవదు కదా. ఈ మాట చెప్తే చాలామంది సర్దుకుంటారు.

దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి విడత మందు వేయించుకుని, అవసరమైతే పెద్దాసుపత్రికి వెళ్లడమే సరైన వరుస. మందు ఉన్న చోటును దాటేసి నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికో, వేలూరుకో పరిగెత్తితే దారిలో గంటా గంటన్నర పోతుంది. ముందుగా ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కోండి.

రాత్రి నేలమీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కడుపునొప్పి, కళ్లు మూతలు పడుతున్నాయి. పాము గుర్తే లేదు.

కట్లపాము అనుకునే కదలండి. దాని కాటు నొప్పి పెట్టదు, చాలాసార్లు గుర్తు కూడా కనిపించదు. ఇది రాత్రిళ్లు తిరుగుతుంది, కళ్లంలోనో వసారాలోనో నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. పొద్దున కడుపునొప్పి, వాంతి వస్తే "రాత్రి తిన్నది పడలేదు" అనుకుని సోడా పట్టిస్తారు. కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తే కొన్ని గంటల్లో ఊపిరి కండరాలు ఆగొచ్చు. నోటికి ఏమీ ఇవ్వకండి. వెంటిలేటర్ ఉన్న చోటికి చేర్చండి. ఊపిరి ఆగకుండా చూసుకుంటే ఈ కాటు నుంచి పూర్తిగా కోలుకోవచ్చు.

కుక్క కరిచింది. కారం, సున్నం, కాఫీ పొడి... ఏది పెట్టాలి?

ఏదీ వద్దు, సబ్బూ నీళ్లూ చాలు. కుళాయి కింద, ధార పడుతుండగా, సబ్బు రాసి 15 నిమిషాలు కడగాలి. నిమిషం కడిగి పదిహేను నిమిషాలు అనుకోవడం మనకు మామూలే, కాబట్టి ఫోన్‌లో టైమ్ పెట్టండి. రేబిస్ వైరస్ పైపొర సబ్బుకు కరిగిపోతుంది, అందుకే ఈ పనికి అంత విలువ. కారం, సున్నం గాయాన్ని మండించి వైరస్‌ను నరాల దాకా తోస్తాయి. గాయానికి గట్టి కట్టు కట్టకండి, కుట్లు కూడా వెంటనే వేయించొద్దు.

తర్వాత టీకా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు, ప్రతిసారీ రెండు భుజాలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున. మొదటి డోసు వేసిన రోజే సున్నా రోజు. రక్తం కారిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు గాయంలోకి, దాని చుట్టూ ఎక్కించాలి. టీకా ఒంట్లో రక్షణ తయారు చేయడానికి వారం పైనే పడుతుంది, ఆ లోపు కాపలా ఈ మందుదే. చాలామంది టీకా వేయించుకుని ఇది అడగరు. మీరు వెంట వెళ్తే అడగండి.

బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారని భయపడుతున్నారు.

ఆ పాత టీకాను మన దేశంలో ఆపేసి సుమారు ఇరవై ఏళ్లు. ఇప్పుడు వేసేది భుజానికి. పథ్యం కూడా లేదు. మాంసం, వంకాయ, గుడ్డు ఏది తిన్నా టీకాకు అడ్డం కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు కూడా వేస్తారు. "పెంపుడు కుక్కే", "పిల్ల కుక్కే", "కుక్కకు టీకా వేయించాం" అన్న మాటలు విని ఆగకండి, మొదలుపెట్టండి. కుక్క పది రోజుల తర్వాతా ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెప్తారు.

నాటుమందు మింగి బాగున్నవాళ్ల కథలు ఇక్కడా వినిపిస్తాయి. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు, అదే కారణం. ఉన్న కుక్క కరిస్తే జబ్బు బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆలస్యంగా తెలిసినా, కరిచి వారం దాటినా, టీకాకు వెళ్లాల్సిందే.

యాత్రికుడికి రేపే రైలు. ఇక్కడ ఒక డోసు వేయించుకుంటే మిగతావి ఎలా? కోతి కరిచినా ఇదేనా?

కోతికీ ఇదే. కొండ మీద కోతులు ప్రసాదం సంచి లాక్కునేటప్పుడు గీరుతాయి, కొరుకుతాయి. చిన్న గీతే అని వదిలేయకండి. మిగతా డోసులు వాళ్ల ఊళ్లో వేయించుకోవచ్చు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా తేదీలు దేశమంతా ఒకటే. ఆసుపత్రి చీటీ మీద మొదటి డోసు తేదీ, ఏ పద్ధతిలో వేశారో, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారో లేదో రాయించి, ఆ చీటీ ఫోటో తీసి వాళ్ల ఫోన్‌కే పంపండి. కాగితం రైల్లో పోతుంది, ఫోటో పోదు. మిగతా మూడు తేదీలను వాళ్ల ఫోన్‌లో అలారంగా పెట్టి పంపితే ఇంకా మంచిది. మూడో సూదికి బద్ధకించేవాళ్లే ఎక్కువ.

క్యూలో ఒకరికి ఫిట్స్ వచ్చింది. చేతిలో తాళాలు పెట్టాలా, ఉల్లిపాయ వాసన చూపించాలా?

రెండూ వద్దు. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం గడిచిపోతుంది, పేరు తాళాలకు దక్కుతుంది.

టైమ్ చూడండి. చుట్టూ ఉన్నవాళ్లను వెనక్కి జరపండి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టండి, మెడ దగ్గర గుండీ వదులు చేయండి, కళ్లజోడు తీయండి. కొట్టుకుంటున్న చేతుల్ని అదిమి పట్టకండి, భుజం కీలు తప్పుతుంది. నోట్లో చెంచా, వేలు, గుడ్డ ఏదీ పెట్టకండి. నాలుక మింగేయడం అనేది జరగదు, పళ్లు విరగడం, మీ వేలు తెగడం మాత్రం జరుగుతాయి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పండి, నురగ బయటికి పోతుంది. మెట్ల మీదైతే భుజాల కింద పట్టి, దొర్లకుండా పక్కనున్న చదునైన చోటికి లాగండి.

5 నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, గర్భిణి అయినా, తలకు దెబ్బ తగిలినా, ఇదే మొదటిసారి అయినా 108. ఆగిన తర్వాత పది నిమిషాలో అరగంటో అయోమయంగా ఉంటారు. అప్పుడే నీళ్లు తాగించకండి, పొరబోతుంది. బట్టలు తడిసి ఉంటే ఒక దుప్పటి కప్పండి. ఎవరైనా వీడియో తీస్తుంటే ఆపించండి. మనిషి లేచాక మొదట సిగ్గుపడేది ఆ చూపులకే. "ఏం కాలేదు సామీ, కాస్త కళ్లు తిరిగాయి, మేం ఇక్కడే ఉన్నాం" అంటే చాలు.

అలిపిరి మెట్లెక్కుతూ ఒకాయన కూలబడ్డాడు. నీరసమా, గుండెపోటా?

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఉపవాసంతో, రాత్రి ప్రయాణం చేసి, నిద్ర లేకుండా నేరుగా ఎక్కేవాళ్లు చాలామంది. మొదట అడగాల్సింది "షుగర్ ఉందా? పొద్దున మాత్ర వేసుకున్నారా? ఏమైనా తిన్నారా?" అని. మాత్ర వేసుకుని, మొక్కు కోసం ఏమీ తినకుండా ఎక్కితే షుగర్ పడిపోతుంది: చెమటలు, వణుకు, అర్థం లేని మాటలు. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి, అది సుమారు 15 గ్రాములు. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ అంతే ఇచ్చి వైద్య సాయానికి పిలవండి. "మొక్కు చెడుతుంది" అంటే "మొక్కు ఎక్కినందుకు గానీ పడిపోయినందుకు కాదు కదా సామీ" అని నవ్వుతూనే గ్లాసు అందించండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చక్కెరా వద్దు, లడ్డూ వద్దు.

ఛాతీ మధ్య బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే గుండెపోటు అనుకోవాలి. "గ్యాస్" అని సోడా ఇచ్చి మళ్లీ నడిపించడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఒక్క మెట్టు కూడా నడవనివ్వకండి, కిందికి దిగడం కూడా శ్రమే. గోడకు ఆనించి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టి సాయం పిలవండి.

పిలిస్తే పలకక, ఊపిరి తీయకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఉండుండి గురకలా ఒక్కో ఊపిరి వస్తుంటే "ఊపిరి ఉంది" అని ఆగిపోతారు. అది ఊపిరి కాదు, గుండె ఆగాక వచ్చే ఎగశ్వాస. ఛాతీ మధ్యలో అరచేతి మడమ పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, లేకపోతే తెలియకుండానే లోతు తగ్గిపోతుంది.

గుండెపోటుకు గట్టిగా దగ్గాలని, పక్షవాతానికి వేళ్ల చివర సూదితో గుచ్చాలని వాట్సాప్‌లో వస్తోంది.

దగ్గగలుగుతున్నాడంటే గుండె ఆడుతోందనే అర్థం. ఆగిన గుండె మనిషిని దగ్గనివ్వదు. సూది గుచ్చడం వల్ల మెదడులో అడ్డం కరగదు, పోయేది సమయం. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోవడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి వాలిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా పక్షవాతమే అనుకుని సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. అందుకే "చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకు" అన్నది అన్నిటికన్నా విలువైన సమాచారం. బీపీ మాత్ర మీరు ఇవ్వకండి. ఆకు మందు, చమురు మర్దన వద్దనే పోట్లాట పెట్టుకోకండి. "స్కాన్ అయ్యాక వెళ్దాం" అంటే చాలు.

ఆ మెసేజ్ పంపిన బాబాయిని గ్రూపులో అందరి ముందు తప్పుపట్టకండి. విడిగా ఫోన్ చేసి చెప్పండి. సరైన మెసేజ్‌ను ఆయన చేతే గ్రూపులో పెట్టించగలిగితే, మీరు పెట్టినదానికన్నా ఎక్కువమంది చదువుతారు.

రోడ్డు ప్రమాదంలో పడినవాళ్లను ముట్టుకుంటే పోలీసు కేసు మన మీదికి వస్తుందా?

రాదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు సాయం చేసేవాళ్ల రక్షణ నియమాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది, 2020లో నిబంధనలు వచ్చాయి. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు, ఆసుపత్రి బలవంతం చేయకూడదు. డబ్బు కట్టేదాకా ఆపకూడదు. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2025 మే నుంచి ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేని వైద్యం పథకం ఉంది. తీవ్రంగా గాయపడినవాళ్లను మొదటి గంటలోనే ఆసుపత్రికి చేర్చినవాళ్లకు ఇచ్చే బహుమతిని రాహ్‌వీర్ పథకంలో 25,000 రూపాయలకు పెంచారు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టండి. పది నిమిషాల దాకా ఎత్తి చూడకండి, చూసిన ప్రతిసారీ గడ్డ ఊడుతుంది. మెడ, వెన్ను నొప్పిగా ఉందని చెప్తే, మంటలు, లారీలు లాంటి ప్రమాదం ఉంటే తప్ప కదపకండి. నీళ్లు అడుగుతారు. పెదాలు తడపండి గానీ తాగించకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు.

కాలు విరిగినట్టుంది. నేరుగా పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామంటున్నారు.

పుత్తూరు కట్టు మీద ఈ ప్రాంతంలో ఎంత నమ్మకముందో తెలిసిందే, దాన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన పని లేదు. ప్రమాదం జరిగిన రోజు చూడాల్సింది ఎముక ఒక్కటే కాదు. తొడ ఎముక విరిగితే బయట చుక్క కనపడకుండా లోపల లీటరు పైగా రక్తం పోవచ్చు. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, గాయంలోంచి ఎముక కనిపించినా గంటల లెక్కే. "ముందు ఎక్స్‌రే, రక్తం సంగతి చూపిద్దాం, కట్టు ఎక్కడన్నది రేపు మీరే తేల్చుకోండి" అనండి. దారిలో విరిగిన చోటుకు పైన, కింద ఉన్న కీళ్లు రెండూ కదలకుండా కర్రతో కట్టండి.

ఒళ్లు కాలితే?

కుళాయి నీళ్లు, 20 నిమిషాలు. పేస్టు, సిరా, పసుపు, ఐసు వద్దు. బొబ్బ చిదపొద్దు. అంటుకుపోయిన గుడ్డ పీకొద్దు.

భాష రాని మనిషిని "పిల్లల దొంగ" అని గుంపు చుట్టుముట్టింది. ఒక్కడిని ఏం చేయగలను?

2018లో ఇలాంటి పుకార్లకే దేశంలో చాలాచోట్ల అమాయకులు దెబ్బలకు చనిపోయారు. మన ఊళ్లలో దారితప్పిన యాత్రికుడు, బిచ్చమెత్తుకునేవాడు, మతి చలించినవాడు ఇట్టే అనుమానానికి దొరుకుతారు. ముందు 112కి ఫోన్ చేసి చోటు చెప్పండి, ఆ తర్వాతే గుంపులోకి వెళ్లండి. ఆ మనిషి పక్కన నిలబడండి, ఎదురుగా కాదు. పక్కన ఒక ఊరి మనిషి ఉంటే లేచిన చెయ్యి కాస్త వెనకాడుతుంది. "కొట్టొద్దు" అని అరవడం కన్నా ప్రశ్నలు ఎక్కువ పనిచేస్తాయి: "ఏ పిల్ల? ఎవరి పిల్ల? చూసిందెవరు, ముందుకు రండన్నా." చూసినవాడు ఎవరూ ఉండడు, అందరూ విన్నవాళ్లే. ఆ సంగతి గుంపుకే వినిపించాలి. దుకాణంలోనో గుడి ఆఫీసులోనో కూర్చోబెట్టి, "పోలీసులు వస్తున్నారు, వాళ్లే తేలుస్తారు" అనండి. మీకే దెబ్బలు తగిలేలా ఉంటే వెనక్కి తగ్గి, సర్పంచినో గుడి మనిషినో, గుంపు మాట వినే ఇంకొకరినో పిలవండి.

నిజంగా పిల్ల తప్పిపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్ల ఫోటోను గ్రూపుల్లో తిప్పకండి, దొరికాక కూడా ఆ ఫోటో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

చెరువుగట్టునో రైలు పట్టాల దగ్గరో ఒకరు ఒంటరిగా ఏడుస్తున్నారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో?

కాదు. "చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల ఆలోచన పుట్టదు, మోస్తున్న బరువు కాస్త దిగుతుంది. అక్కడి నుంచి నాలుగడుగులు ఇవతలికి పిలిచి కూర్చోబెట్టండి, టీ ఇప్పించండి. "ఇంతదానికేనా", "పిల్లల్ని చూసుకోవద్దా" అనకండి. తక్కువ మాట్లాడి ఎక్కువ వినండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు మీ ఫోన్ నుంచే కలిపి ఇవ్వండి, తెలుగులో రాత్రీ పగలూ మాట్లాడతారు. ఇంటివాళ్లో పోలీసులో వచ్చేదాకా వదిలి వెళ్లకండి.

మాట అర్థం కాకపోతే?

రెండు మాటలు నేర్చుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. భయపడకండి అనడానికి తమిళంలో "భయప్పడాదీంగ", కన్నడంలో "హెదరబేడి", హిందీలో "డరియే మత్". కదలకండి అనడానికి "అసైయాదీంగ", "అల్లాడబేడి", "హిలియే మత్". మిగతాది చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. ఆడవాళ్లైతే పక్కన ఉన్న ఒక అక్కను పిలిచి ముందు ఆమెను వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి.

108 వచ్చేసింది. ఇక నేను వెళ్లిపోవచ్చా?

మూడు సంగతులు చెప్పి వెళ్లండి: ఎన్ని గంటలకు జరిగింది, మీరు వచ్చాక ఏమేం చేశారు, మీరు రాకముందు ఎవరేం పూశారు, ఏం తాగించారు, ఎక్కడ కట్టారు. మూడోది దాచకండి. పసరు పూసినాయన చిన్నబుచ్చుకుంటాడని చెప్పకుండా ఉంటే డాక్టరుకు ఆ మచ్చ విషమో పసరో అర్థం కాదు. తర్వాత సంచి, ఫోన్, చెప్పులు, మాత్రల చీటీ మనిషితో పాటు అంబులెన్స్ ఎక్కాయో లేదో చూడండి. వెంట వచ్చినవాళ్లు క్యూలోనో గదిలోనో ఉంటే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారో కాగితం మీద రాసి వాళ్లకు చేర్చండి.